రాకుమారుడికి బాణం ఎక్కడ తగిలింది?

ఈ విషయాన్ని కాగితం మీద పెట్టవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పడం పద్ధతి. దోహాలో నర్సు ఉద్యోగాలకు తయారవుతున్న మన తెలుగు ఆడపిల్లల ఫోన్లలో ఒక చిన్న కథ తిరుగుతున్నది. అందులో ఒక రాకుమారుడు, ఒక రాకుమారి, ఒక గుర్రం, ఒక బాణం ఉంటాయి. కథ కింద "మా మాస్టారు కనిపెట్టిన పద్ధతి" అని ఎవరో రాశారు. ఆ మాస్టారిని నేనే. అయితే ఆ పద్ధతిని నేను కనిపెట్టలేదు. పైగా ఆ కథలో ఒక తప్పు ఉన్నది. అది మాత్రం పూర్తిగా నాది. ఇంకొకరి తెలివి నా పేరు మీద చలామణీ కావడం, నా తప్పు ఎవరి పేరూ లేకుండా తిరగడం, రెండూ క్రమం కావు. ఇప్పుడు పాఠాలు చెబుతున్న చిన్నవారు ఈ రెండింటినీ సరిచేసుకోవాలని రాస్తున్నాను.

కోస్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఇరవై ఆరేళ్ళు శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన తరువాత, నేను నా భార్యతో కలిసి ఖతర్ దేశంలోని దోహాకు వచ్చాను. నజ్మా అనే పేటలో రెండు గదుల ఇల్లు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో, తెరలు కుట్టే దర్జీ దుకాణం పైన, ఒక శిక్షణ సంస్థలో ఉద్యోగం. కళాశాలలో పాఠం అంటే బల్ల మీద శవం, చుట్టూ విద్యార్థులు. ఇక్కడ ఉన్నది ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం. దానికి కూడా ఎడమచేతి బొటనవేలు లేదు. నా ముందు కూర్చునే పద్నాలుగు మంది స్త్రీలు వారమంతా క్లినిక్కుల్లోనూ, రోగులున్న ఇళ్ళలోనూ డ్యూటీ చేసి, సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం నిద్ర మానుకొని వచ్చేవారు.

నా తరగతికి మూడు నియమాలు ఉండేవి. రెండు గంటలకు తలుపు మూసేస్తాను. ఫోన్లు పళ్ళెంలో పెట్టాలి. సందేహాలను నోటితో అడగరాదు. చీటీ మీద రాసి, ద్వారం పక్కన ఉన్న ఖర్జూరాల డబ్బాలో వేయాలి. డబ్బా మూతకు నేనే స్వయంగా కన్నం చేశాను. దానిని వారానికి ఒకసారి, శుక్రవారం, తరగతికి అరగంట ముందు తెరిచి, జవాబులు బోర్డు మీద రాసేవాణ్ణి. మాట మధ్యలో మాట వస్తే పాఠం చెదురుతుందని నా నమ్మకం.

మా సంస్థలో శరీరధర్మ శాస్త్రం చెప్పే సహోద్యోగి హైదరాబాదువాడు. నా నియమాలు ఆయనకు నిత్య వినోదం. "సాబ్, మీ క్లాసులో పిల్లలు ఊపిరి తీసుకోవాలన్నా చీటీ రాసి వెయ్యాల్నా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆయన తరగతి సంతలా ఉండేది. నాది గ్రంథాలయంలా ఉండేది. ఆ పోలికను నేను గర్వంగానే చెప్పుకొనేవాణ్ణి.

ఆ పద్నాలుగు మందిలో ఒక అమ్మాయి జగిత్యాల వైపు నుంచి వచ్చింది. ఊరిలో నర్సింగు డిప్లొమా పూర్తి చేసినది. అల్ వక్రాలోని ఒక క్లినిక్కులో నాలుగేళ్ళుగా సహాయకురాలు. దుప్పట్లు మడవడం, చక్రాల కుర్చీ తోయడం, నర్సు చేతికి దూది అందించడం ఆమె పని. ఆమె కాగితాలను నర్సు లైసెన్సు కోసం పంపాలంటే ముందుగా క్లినిక్కు డాక్టర్లు స్వయంగా పెట్టే మౌఖిక పరీక్షలో నెగ్గాలి. రెండుసార్లు పోయింది. చదివినది కాగితం మీద రాయమంటే రాసేది. డాక్టరు ఎదురుగా కూర్చొని వేలు చూపి అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. మూడోసారి కూడా పోతే ఒప్పందం పొడిగించబోమని వారు చెప్పేశారు.

చేరిన రోజు ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తున్నది. "మా ఊళ్ళె అందరు నన్ను దుబాయ్ల నర్సమ్మ అంటరు సార్. ఇది దుబాయ్ కాదు, నేను నర్సునూ కాదు. అబద్ధమైతే చెప్పలే. కానీ కాదని గూడ ఎన్నడు చెప్పలే."

ఆ పిల్ల మూడో శుక్రవారమే పట్టుబడింది. ఒడిలో ఫోను పెట్టుకొని చదువుతున్నది. పాఠం ఆపి, ఫోను తెమ్మన్నాను. తెర మీద ఒక చారిత్రక ప్రేమ నవల; మేడ మీద వెన్నెల, మీసాల రాకుమారుడు, అలిగిన రాకుమారి. రెండుసార్లు పరీక్ష పోయిన మనిషి చదవవలసినది ఇదా అని నేను మందలించిన తీరు కఠినంగానే ఉన్నది. అంతటితో ఆగక, అవమానించే ఉద్దేశంతోనే అడిగాను:

"మెడకు పక్కగా ఉండే పెద్ద కండరం గురించి పోయిన వారం చెప్పాను. ఇప్పుడు చెప్పు. నీ రాకుమారి చెబుతుందేమో చూద్దాం."

ఆమె తల దించుకొనే చెప్పింది. "రాకుమారి అలిగి మొహం కుడి దిక్కు తిప్పితే, ఎడమ మెడల తాడు లెక్క లేస్తది సార్. చెవెనుక ఎముక నుంచి కిందికొచ్చి గొంతు గుంట కాడ రెండు పాయలైతది. ఒకటి రొమ్ము ఎముకకు పోతది, ఒకటి కాలర్ ఎముకకు."

ఒక్క అక్షరం తప్పు లేదు. ముఖం ఒకవైపు తిరిగితే రెండో వైపు కండరం లేస్తుందన్నది కళాశాలలో తెలివైన కుర్రవాళ్ళు కూడా తారుమారు చేసే సంగతి.

"ఇది ఏ పుస్తకంలో ఉన్నది?"

"ఒక్కదాంట్ల అని కాదు సార్. అన్నిట్ల అలుగుతనే ఉంటరు."

తరగతి మొత్తం నవ్వింది. నా తరగతిలో వినబడిన మొదటి నవ్వు అది. నేను ఫోను తిరిగి ఇచ్చి పాఠం కొనసాగించాను. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నా భార్యను ఒక చారిత్రక నవల ఇమ్మని అడిగాను.

ఆమె నలభై ఏళ్ళుగా ఆ నవలలు చదువుతున్నది. స్వదేశం వెళ్ళి వచ్చినప్పుడల్లా ఆవకాయ సీసాలు తగ్గించి పుస్తకాలు తెచ్చుకొనేది. నేను ఒక్కటి కూడా తెరవలేదు. ఆమె కళ్ళజోడు తీసి నన్ను పరీక్షగా చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా? నేను చదివితే కాలక్షేపం అన్నారు. ఇవాళ మీకది పాఠ్యగ్రంథం అయిపోయిందా?"

"అవసరం వచ్చింది."

"అవసరానికైతే ఇది చదవండి. యుద్ధాలు ఎక్కువ, ముద్దులు తక్కువ. ముందు దీనితో అలవాటు పడండి" అని ఒకటి చేతిలో పెట్టింది.

ఎర్ర కలం పట్టుకొని చదివాను. రాజవైద్యుడు రాకుమారి చిటికెనవేలి వైపు నాడి చూశాడు; చూడవలసినది బొటనవేలి వైపు. కథానాయకుడికి కాలర్ ఎముక కింద బల్లెం ఆ పక్క నుంచి ఈ పక్కకు దిగింది. తొమ్మిదో రోజున అదే చేతితో వీణ వాయించాడు. చేతికి పోయే నరాలన్నీ, పెద్ద రక్తనాళంతో సహా, అక్కడే గుత్తిగా ఉంటాయి. ఆ దెబ్బ తిన్నవాడు బతికితే గొప్ప, బతికినా విస్తరాకు కూడా ఎత్తలేడు. తెల్లవారేసరికి పుస్తకం నిండా ఎర్ర గీతలు. నా భార్య చూసి, "పుస్తకానికి రక్తం కారుతోంది" అన్నది.

మరుసటి శుక్రవారం పాఠ్యపుస్తకం మూసి ఆ వీణ ఘట్టం చదివించాను. "ఈ రచయిత చేసిన తప్పు కనిపెట్టండి" అన్నాను. పద్ధతి అంటే ఇంతే. కథతో నేర్చుకోవచ్చునన్నది ఆ అమ్మాయి తెలివి. కథలో తప్పు పట్టించడం ఒక్కటే నేను చేర్చినది. ఏళ్ళ తరబడి ఎముకల పేర్లు కంఠస్థం చేసి మరచిపోయిన స్త్రీలు, ఒక వీరుడు వీణ పట్టలేడని నిరూపించడానికి ఒక్కొక్క నరమూ వెదికి తెచ్చారు. ఒకరికి ఒక విషయం వేయిసార్లు చెప్పినా నిలవకపోవచ్చు. ఎదుటివాడి తప్పు తానే పట్టుకొన్నప్పుడు మాత్రం జన్మలో మరవరు.

చదువు యుద్ధాలు దాటి ముద్దుల దాకా పోవడంతో ఒక నాలుగో నియమం పెట్టవలసి వచ్చింది: అవసరమైన అవయవం వరకే చదవాలి. ఆ అమ్మాయి వెంటనే లేచి, "అవసరం ఎక్కడిదాక అనేది ఎవరు చెప్పాలె సార్?" అన్నది. చీటీ రాసి వేయమన్నాను. డబ్బాలో ఆ వారం అదే ప్రశ్నతో తొమ్మిది చీటీలు వచ్చాయి. వాటికి బోర్డు మీద జవాబు రాయలేదు.

రెండు నెలలు గడిచాయి. ఆమె పరీక్ష ఇంకో పన్నెండు రోజుల్లో, బుధవారం నాడు అని తేలింది. అప్పుడు ఒక చీటీలో ఆమె రాసినది ఇది: "సార్, ఈ వీరులందరికీ ముంగటనే దెబ్బలు తాకుతయి. వెనుక ఒక్కనికి తాకది. మేము సూదులు ఇచ్చేది వెనుకనే గద. నేను రెండుసార్లు ఆగిపోయింది గూడ ఆ ప్రశ్న కాడనే."

నేను నా భార్య పుస్తకాలన్నీ తిరగేశాను. నిజమే. మన వీరుడికి భుజం, రొమ్ము, నుదురు ఉంటాయి, పిరుదు ఉండదు. పారిపోయేవాడికే కదా వెనక దెబ్బ. కానీ నర్సుకు సూది పాఠమే ప్రాణం. పిరుదును నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు భాగాలు చేస్తే, పైన బయటి వైపు భాగంలోనే సూది గుచ్చాలి. దిగువన, లోపలి వైపు, బొటనవేలంత లావు నరం కాలిలోకి దిగుతుంది. సూది దానికి తగిలితే పాదం వాలిపోయి, నడిచేటప్పుడు కాలివేళ్ళు నేలకు రాసుకుంటాయి. ఈ రోజుల్లో తుంటి పక్కన ఇవ్వడం మేలంటున్నారు; అయినా పరీక్షలో అడిగేది ఇదే.

పుస్తకాలలో లేదు కనుక నేనే రాయాలని నిశ్చయించుకొన్నాను. వీరుడి మర్యాద పోకుండా వెనక దెబ్బ తగిలించడం మాత్రం తేలలేదు. నా భార్య కూర తరుగుతూ తేల్చేసింది.

"రాకుమారిని గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని కోట దాటిస్తున్నాడని రాయండి. వెనక నుంచి బాణాలు. ఆమెకు తగలకుండా జీను మీద లేచి తన ఒళ్ళు అడ్డం పెట్టాడు. అప్పుడు ఎక్కడ తగిలినా శౌర్యమే."

ఇరవై ఆరేళ్ళ బోధనలో నాకు తట్టని పరిష్కారం అది. ఒకే బిగిన రాశాను. బాణం దిగువన లోపలి వైపు గుచ్చుకొన్నది. గుర్రం దిగిన వీరుడి పాదం వాలిపోయింది. రాకుమారి తన చీర అంచు చించి ఆ పాదాన్ని పైకెత్తి కట్టింది. రాసి, మరల చదువుకొన్నాను. పద్నాలుగు మంది స్త్రీల ఎదుట, ఈ వయసులో, ఆ చోటును గట్టిగా చదవాలంటే నాలుక తిరగలేదు. కలం తీసుకొని బాణాన్ని నాలుగు వేళ్ళ మేర పైకి, బయటికి జరిపాను. "నడుము కింద, పక్కగా" అని రాశాను. ఇప్పుడు చదవడానికి గౌరవంగా ఉన్నది. శుక్రవారం తరగతిలో చదివి, అందరికీ ప్రతులు ఇచ్చాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉండినది.

బుధవారం ఉదయం అల్ వక్రా క్లినిక్కులో పరీక్ష. సంస్థ తరఫున ఒకరు హాజరు కావాలి; నేను వెళ్ళాను. గోడ వారన కుర్చీ, మాట్లాడరాదన్న షరతు. పరీక్షించే పెద్ద డాక్టరు సుడాన్ దేశస్థుడు, నెమ్మదైనవాడు. బల్ల మీద రబ్బరు బొమ్మ బోర్లా పడుకోబెట్టి ఉన్నది. పరీక్ష ఇంగ్లీషులో జరిగింది; సారాంశం తెలుగులో రాస్తున్నాను.

ఆయన అడిగాడు: "సూది ఎక్కడ ఇస్తావు? ఎందుకు అక్కడే? తప్పు చోట ఇస్తే మరునాడు రోగిలో ఏమి చూస్తావు?"

ఆమె బొమ్మ వైపు చూస్తూ కళ్ళు అరమోడ్చింది. అది నాకు తెలిసిన చూపు. కథ గుర్తు చేసుకొంటున్నది. సరిగ్గా ఆ క్షణాన నా కథ నాకు కూడా గుర్తుకు వచ్చింది. బాణాన్ని నేను జరిపాను. కథ ముగింపును జరపలేదు. మర్యాద కోసం నేను జరిపిన బాణం సరిగ్గా సూది ఇవ్వవలసిన చోటికి చేరింది. అక్కడ తగిలితే పాదం వాలిపోతుందని పద్నాలుగు మందికి గట్టిగా చదివి వినిపించాను. నేను చెప్పినదే ఆమె చెబితే ఆమె పని అయిపోయినట్లే. ఇది ఆమెకు ఆఖరి అవకాశం. మాట్లాడరాదన్న నియమాన్ని, జన్మలో మొదటిసారి, ద్వేషించాను.

ఆమె వేలితో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసింది. పైన, బయటి వైపు వేలు ఆనించింది. "ఇక్కడ. ఇక్కడ ఆ పెద్ద నరం లేదు. కింద, లోపలి వైపు ఇస్తే పాదం వాలిపోతుంది. మరునాడు చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తాడు."

డాక్టరు తల ఊపి, మరొక ప్రశ్న వేశాడు. "సరైన చోటే. కానీ సూది చాలా లోతుకు దిగితే?"

"అప్పుడు తుంటిని నిలబెట్టే కండరాల నరం దెబ్బతినవచ్చు. ఆ కాలు మీద నిలబడితే రెండో పక్క నడుము వాలుతుంది. పాదం మాత్రం వాలదు."

ఆయన కలం కింద పెట్టాడు. "ఇది సహాయకుల పుస్తకంలో ఉండదే. ఎవరు చెప్పారు?"

ఆమె నా వైపు చేయి చూపింది. "మా సార్ రాసిన కథ. అందులో రాకుమారుడికి ఇక్కడ బాణం తగిలితే పాదం వాలిపోయింది. అది తప్పు. ఎందుకు తప్పో వెదికితే ఇది దొరికింది."

డాక్టరు కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. నేను లేచి నిలబడ్డాను. షరతు ఉల్లంఘించి ఒక్క వాక్యం చెప్పాను: "ఆమె చెప్పినది నిజం, తప్పు నాది."

ఆయన నవ్వి, ఆమె కాగితం మీద సంతకం చేసి, "ముబారక్, సిస్టర్" అన్నాడు. ఆ రెండో మాట విని ఆమె అక్కడే ఏడ్చింది.

బయట వరండాలో అడిగాను. "తప్పని తెలిసినప్పుడు నాకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఆశ్చర్యపోయింది. "నోటితోని అడగొద్దంటిరి గద సార్. శుక్రవారం పోయేటప్పుడే చీటీ రాసి డబ్బల ఏసిన. మీరు డబ్బ ఎప్పుడు తెరుస్తరో మాకేం తెలుసు, చూసిండ్రనే అనుకున్న. లేకుంటే అందరి ముంగట మీ తప్పు ఎట్ల చెప్త?"

నేను నేరుగా సంస్థకు వెళ్ళి డబ్బా మూత తీశాను. సహోద్యోగి టీ గ్లాసుతో ఎదురు వచ్చి నిలబడిపోయాడు. "సాబ్, తబియత్ ఠీక్ హై? ఈరోజు బుధవారం!"

"తెలుసు" అన్నాను.

మూడు చీటీలు ఉన్నాయి. మధ్యది ఆమెది. "సార్, బాణం తాకిన జాగల మనం సూదే ఇస్తం. గక్కడ తాకితే పాదం ఎట్ల పడిపోతది? నడుము వాలాలె గద. నాదే తప్పైతే మన్నించుండ్రి." ఐదు రోజులు అది ఆ చీకటి డబ్బాలో, నా క్రమశిక్షణ కాపలాలో, భద్రంగా ఉన్నది. జవాబు రాలేదు కనుక తప్పు తనదే అనుకొని ఆమె నా మాటను నమ్మి ఉంటే నా నియమమే ఆమెను ఇంటికి పంపి ఉండేది. సహోద్యోగికి చీటీ చూపించాను. వేళాకోళం చేస్తాడనుకొన్నాను. ఆయన చదివి, టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "మంచి పిల్లను తయారు చేసిన్రు సాబ్" అన్నాడు.

కొన్నాళ్ళకు ఆమెకు లైసెన్సు వచ్చింది. ఇప్పుడు అదే క్లినిక్కులో సూది ఆమె చేతిలో ఉన్నది. దూది ఇంకొకరు అందిస్తారు. ఊరి నుంచి ఎవరైనా దుబాయ్ నర్సమ్మ అంటే, "దుబాయ్ కాదు, ఖతర్. నర్సమ్మ మాత్రం నిజమే" అంటుందట. నా ఉద్యోగ జీవితంలో నా దగ్గర చదివి డాక్టర్లయిన వారు ఎందరో ఉన్నారు. వారి పట్ల నాకు గౌరవం ఉన్నది. ఆ ఉదయం కలిగినంత గర్వం మాత్రం మరి ఎవరి వలనా కలగలేదు. నా పాఠాన్ని అప్పగించిన విద్యార్థులు చాలామంది. నా పాఠంలోని తప్పును పట్టుకొని దానిమీద నిలబడి నెగ్గినది ఆమె ఒక్కతే.

ఆ వారం నుంచి ఉద్యోగ విరమణ వరకు డబ్బాను ప్రతి తరగతి ముగియగానే తెరిచాను. నోటితో అడిగే సందేహాలనూ అనుమతించాను; తరగతి కొంత సంత అయింది. కథను సరిదిద్ది మరల పంచాను. అయినా మొదటి ప్రతే ఎక్కువగా తిరుగుతున్నదని తెలిసి ఇది రాస్తున్నాను. ప్రతి ఉన్నవారు దయచేసి బాణాన్ని నాలుగు వేళ్ళు కిందికి, లోపలికి జరపండి. సిగ్గుపడవద్దు.

ఈ రాతలో కూడా ఏదో ఒక నరాన్ని మర్యాద కోసం నేను పక్కకు జరిపి ఉండవచ్చు. డాక్టర్లు, నర్సులు, నవలలు చదివేవారు తప్పులు పట్టి నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. లేచి నిలబడినవాడి కింద జీను ఎటు కదులుతుందో కూడా నాకు తెలియదని నా భార్య ఇప్పటికే ఒక చీటీ వేసింది. ఖర్జూరాల డబ్బా ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నది. శుక్రవారం దాకా ఆగను.